రక్త క్యాన్సరే, కానీ క్లెయిమ్‌కు చాలదట!

తీవ్ర జబ్బులకు బీమా ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు చెప్పే మాట ఒక్కటే: క్యాన్సర్ అని తేలితే చాలు, మొత్తం సొమ్ము ఒకేసారి చేతికొస్తుంది. క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా (సీఎల్ఎల్) అనే రక్త క్యాన్సర్ వచ్చినవారి విషయంలో ఈ మాట సగమే నిజం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనం ల్యుకేమియాను క్యాన్సరేనని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే మినహాయింపుల జాబితాలో, జబ్బు తీవ్రతను చెప్పే ‘రాయ్’ దశల్లో మూడోదానికి చేరని సీఎల్ఎల్‌ను పక్కన పెట్టేస్తుంది.

ఈ దశల పద్ధతిని 1975లో ప్రతిపాదించినది జోధ్‌పూర్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన వైద్యుడు కాంతి రాయ్. రక్తంలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మాత్రమే పెరిగితే సున్నా దశ. లింఫ్ గ్రంథులు ఉబ్బితే ఒకటి, ప్లీహం లేదా కాలేయం పెరిగితే రెండు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కన్నా తగ్గితే మూడు, ప్లేట్‌లెట్లు లక్షకు దిగువకు వస్తే నాలుగు. రోగి భవిష్యత్తు ఎలా ఉండవచ్చో అంచనా వేయడానికి పుట్టిన కొలమానమిది. ఎవరికి డబ్బివ్వాలో తేల్చడానికి కాదు.

తొలి దశల్లో చాలామందికి మందులే అవసరం ఉండవు, వైద్యులు గమనిస్తూ ఉంటారు. అలాంటివారికి లక్షలు ఎందుకివ్వాలని కంపెనీ అడిగితే తప్పుపట్టలేం. చిక్కంతా రెండో దశలో ఉంది. ప్లీహం పక్కటెముకల కింద ఆరు సెంటీమీటర్లు దిగినా, ఆరు నెలల్లోపే లింఫోసైట్లు రెట్టింపయినా, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా సరే, చికిత్స మొదలుపెట్టాలని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అంటే రోగి ఖరీదైన మందులు మొదలుపెట్టాడు, పాలసీ దృష్టిలో మాత్రం ఇంకా జబ్బు ముదరలేదు! పైగా ఆ మందులు బాగా పనిచేస్తే హిమోగ్లోబిన్ ఎప్పటికీ 11 కన్నా తగ్గకపోవచ్చు. వైద్యం ఫలించినకొద్దీ క్లెయిమ్ దూరమయ్యే ఏర్పాటిది. దశతో పాటు ‘చికిత్స అవసరమైన సీఎల్ఎల్’ అన్న షరతునూ నిర్వచనంలో చేర్చడమే న్యాయం.

మరో రకం రక్త క్యాన్సరైన క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకు ఇలాంటి మినహాయింపు లేదు. రోజూ మాత్రలు వేసుకుంటూ ఉద్యోగం చేసుకునేవారికీ, వేచి ఉండాల్సిన కాలం (పాలసీ తీసుకున్నాక గడవాల్సిన గడువు), మనుగడ కాలం (జబ్బు తేలాక బతికి ఉండాల్సిన రోజులు) వంటి షరతులు తీరితే, పూర్తి సొమ్ము రావచ్చు. వారికి ఇవ్వడం తప్పని కాదు, కొలబద్ద ఒకటిగా లేదని.

క్లెయిమ్ తిరస్కరించారన్న కోపంతో ప్రీమియం కట్టడం మానేయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. తర్వాత మూడో దశకు చేరితే, అప్పటికి పాలసీ అమల్లో ఉంటేనే అడిగే హక్కు నిలుస్తుంది. కొత్త కంపెనీకి వెళితే ఇదే జబ్బు ముందునుంచీ ఉన్నదిగా లెక్కకొస్తుంది. రెండోది, డాక్టరు నివేదికలో రాయ్ దశ, తేదీ, ఆనాటి హిమోగ్లోబిన్ స్పష్టంగా ఉండాలి. మన దేశంలో ఐరన్ లోపంతో రక్తహీనత ఎంత సాధారణమో కంపెనీలకు తెలుసు, మీదీ అదేనని అనవచ్చు. మీ రక్తహీనతకు కారణం సీఎల్ఎల్‌ అయితే ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి.

కంపెనీ ఫిర్యాదుల విభాగం కాదంటే, బీమా వివాదాలు పరిష్కరించే అధికారి బీమా అంబుడ్స్‌మన్‌ ఉన్నారు, రుసుము లేదు. తిరస్కరణ అందిన ఏడాదిలోపు వెళ్లాలి. తెలుగు రాష్ట్రాలవారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. దశను కంపెనీ తప్పుగా లెక్కగట్టిందని నిరూపించగలిగితే అక్కడ గెలిచే అవకాశముంది. నిజంగానే రెండో దశలో ఉంటే మాత్రం అడ్డుపడేది నిర్వచనమే, దాన్ని మార్చాల్సింది ఐఆర్‌డీఏఐ.