సూర్యుడి మీద కేసు మన జిల్లాలోనే నడవాలి

భూమి వేడెక్కడానికి కారణం సూర్యుడా, మనిషా అన్న తగాదా ఎక్కడెక్కడో నడుస్తోంది. ఇది అన్యాయం. ఈ కేసు విచారించే హక్కు తిరుపతి జిల్లాకే ఉంది. 2023 సెప్టెంబరులో సూర్యుడి మీద నిఘాకు ఆదిత్య ఎల్-1 బయల్దేరింది మన శ్రీహరికోట నుంచే. గాలి పొరల గుట్టు లాగే రాడార్ గాదంకిలో ఉంది. ముద్దాయి పరారీలో కూడా లేడు. ఏటా మార్చిలో నాగలాపురం వేదనారాయణస్వామి గుడికి వచ్చి, మూడు రోజుల పాటు గర్భగుడి దాకా వెళ్లి హాజరు వేయించుకుంటున్నాడు. ఇంతకంటే పరిధి ఏం కావాలి?

ఫిర్యాదుదారు ఒక పెద్దమనిషి. మే నెల మిట్టమధ్యాహ్నం, రోడ్డు వెడల్పు చేశాక మిగిలిన ఒకే ఒక్క వేపచెట్టు కింద కారు పెట్టుకుని, ఇంజన్ ఆపకుండా ఏసీలో కూర్చున్నాడు. కారు కింద ఏసీ నీళ్లు చుక్కచుక్కగా కారి తడి అయిన చోట ఒక కుక్క పొట్ట ఆనించి పడుకుంది. నన్ను చూసి అద్దం రెండు వేళ్లంత దించాడు.

"ఏం ఎండ సామీ ఇది! అంతా ఆ సూర్యుడి పనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దోళ్లు ఎప్పుడో చెప్పినారు. అప్పుడు కార్లు ఉండాయా, ఏసీలు ఉండాయా?"

చల్లగాలి వృథా కాకూడదని వెంటనే అద్దం ఎక్కించేశాడు.

వాదనలో బలముంది. సామెతను బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేసే వకీలు ఇంకా పుట్టలేదు. పైగా ముద్దాయికి పాత చరిత్ర ఉంది. 1645 నుంచి 1715 దాకా ఆయన ఒంటి మీద మచ్చలు దాదాపు మాయమైపోయాయి (మచ్చలు తగ్గితే ఆయన వెలుగూ కాస్త తగ్గుతుంది), అప్పట్లో యూరప్ చలికి వణికింది. అందులో ఆయన వాటా కొంత ఉండొచ్చని శాస్త్రవేత్తలే అంటారు.

చిక్కల్లా ఇప్పటి రికార్డులతోనే. 1978 నుంచి ఉపగ్రహాలు ఆయన వెలుగును కొలుస్తున్నాయి. సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంది, ఆ తేడా వెయ్యింట ఒక వంతు. గత నలభై ఏళ్లలో మొత్తమ్మీద పెరిగింది లేదు, ఏమన్నా అంటే కాస్త తగ్గింది. భూమి మీద వేడి మాత్రం పెరుగుతూ పోయింది. ఆదాయానికి మించిన ఆస్తుల కేసులు చూసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. జీతం పెరగకుండా ఇంట్లో నిల్వ పెరిగిందంటే బయటికి పోవాల్సింది ఎక్కడో ఆగిపోతోందన్నమాట. భూమి నుంచి పైకి పోవాల్సిన వేడిని ఆపుతున్న వాటిలో ముఖ్యమైనది కార్బన్ డయాక్సైడ్. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది.

రాత్రులతో ఇంకో తంటా. ప్రపంచం మొత్తం మీద చూస్తే పగళ్ల కంటే రాత్రులే ఎక్కువగా వేడెక్కాయి. రాత్రిపూట ముద్దాయి ఘటనా స్థలంలో లేడు, అమెరికాలో ఉన్నాడు. అందుకు సాక్షులు మనవాళ్లే, కావలసినంత మంది.

సూర్యుడే కాలుస్తుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కింద వేడి, పైన చలి అని మనాబే, వెదరాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టారు. మనాబేకు 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. ఈ సంగతి చెబితే మన ఫిర్యాదుదారు "ఆ నోబెల్ ఇచ్చినోళ్లు ఎండాకాలంలో ఎప్పుడైనా రేణిగుంటలో బస్సుకోసం నిలబడినారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అయినా సూర్యుడికే శిక్ష పడాలని నేను గట్టిగా కోరుతున్నాను. మనిషిదే తప్పని తేలితే ఎంత తలనొప్పి! బొగ్గు వాళ్లకు, లారీల వాళ్లకు, చెట్లు కొట్టిన కాంట్రాక్టర్లకు, కొట్టమన్న వాళ్లకు, అందరికీ సమన్లు పంపాలి. వాళ్లంతా మనకు కావలసినవాళ్లే. సూర్యుడైతే ఒక్కడు. వకీలు లేడు, ఓటు లేదు, ధర్నాకు దిగే మనిషీ కాదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన విషయానికి వరుణుడి మీద వేరే కేసు పెట్టుకోవచ్చు. చెరువుల్లో వేసిన ప్లాట్ల ప్రస్తావన మాత్రం అందులో రాకుండా చూసుకోవాలి.

ఇక శిక్ష. జిల్లా బహిష్కరణ కుదరదు, రథసప్తమి నాడు తెల్లారే సూర్యప్రభ వాహనం మీద తొలి కిరణం పడాలి కదా. జరిమానా వేద్దామంటే ఆయన పేరు మీద ఆస్తి లేదు. ఉచిత సేవే మేలు. తిరుమలలో చాలా ఏళ్ల కిందటే ఆయన చేత ఆవిరి పుట్టించి అన్నం వండించారు. అలాగే ఇంటింటి మేడ మీదా సోలార్ పలకలు పెట్టించి, కరెంటు రూపంలో రాబట్టుకోవచ్చు.

ఫిర్యాదుదారు ససేమిరా అన్నాడు. ముద్దాయి దగ్గర కరెంటు పుచ్చుకుంటే కేసు నీరుగారిపోతుందట. పైగా పలకలు పరిస్తే మేడ మీద వడియాలు ఎండబెట్టుకోవడానికి వాళ్లావిడకు చోటు చాలదట.