తోకకోతకు సవినయ సమర్థన

నెల్లూరు నగరంలో ఒక డాబర్‌మన్ నిండు తోకతో మాగుంట లేఅవుట్ వీధుల్లో తిరగడం ఆ కుక్కకు కాకపోయినా దాని యజమానికి తలవంపులేనన్న సంగతి కొందరు జంతుప్రేమికులకు ఇప్పటికీ బోధపడకపోవడం మిక్కిలి విచారకరం. పుట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో, ఇంకా కళ్లైనా విప్పని కూనకు తోక కత్తిరించడమూ, ముందుకాళ్ల లోపలివైపు నేలకు ఆనకుండా ఉండే బొటనగోటిని తీయించడమూ క్రూరత్వమని వీరు వాదిస్తున్నారు. దీనికి ఎవరో ఒకరు మర్యాదగా బదులు చెప్పవలసి ఉంది. తోకలు కోయించే పెద్దమనుషులకు వ్యాసాలు రాసే తీరిక ఉండదు కనుక ఆ భారాన్ని నేను తలకెత్తుకున్నాను.

ముందుగా ఈ ఆచారం ఎంత ప్రాచీనమో గుర్తు చేయాలి. మొదటి శతాబ్దానికి చెందిన కొలుమెల్లా అనే రోమన్ వ్యవసాయ పండితుడు, నలభై రోజుల కూన తోక కొసను పళ్లతో కొరికి లోపలి నరాన్ని లాగేస్తే దానికి పిచ్చి ఎత్తదని గొర్రెలకాపరుల మాటగా రాసిపెట్టాడు. 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ ఆ పిచ్చికి, అంటే రేబిస్‌కు, టీకాను మనిషికి వేసి చూపించిన తర్వాత ఈ కారణం చెల్లకుండా పోయింది గాని, తోకలు మాత్రం తెగుతూనే వచ్చాయి. దాదాపు ఆ కాలంలోనే జర్మనీలోని అపోల్డా పట్టణంలో డాబర్‌మన్ అనే పన్నుల వసూలుదారు తన రక్షణకోసం ఒక జాతిని తయారు చేసుకున్నాడు. కావలికుక్కకు తోక ఉంటే ఎదుటివాడు దాన్ని పట్టుకుని లాగుతాడు గనుక కోయక తప్పదని నేటికీ చెప్పేవారున్నారు. ఆ భయమే కాబోలు, ఇంటిపన్ను బకాయి సాక్షాత్తూ కుక్క యజమానిదే అయి ఉండగల మన వీధుల్లోనూ కుక్కను వెంటాడుతున్నది. పైగా కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదరాదని పెద్దలు హెచ్చరించారు కదా. తోకనే లేకుండా చేస్తే గోదావరిలోనే కాదు, పెన్నలో కూడా ఎవరూ ఆ పొరపాటు చేయలేరు. తరతరాలుగా ఎవరూ తీయలేకపోయిన వంకరను ఒక్క కత్తెరవేటుతో తీర్చిన ఘనతను ఎందుకు గుర్తించరో నాకు తెలియదు.

ప్రతిపక్షం వారు అంకెలు తెస్తారు. బ్రిటన్‌లో లక్షకు పైగా కుక్కల వైద్య వివరాలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం, ఒక్క తోక గాయాన్ని నివారించాలంటే సుమారు 500 కుక్కల తోకలు కోయవలసి వస్తుందని తేల్చింది. ఇందులో తప్పేమిటో నాకు కనిపించదు. ఒక తోకను కాపాడటానికి 499 తోకలు త్యాగం చేయడంకంటే ఉదాత్తమైన పని ఏముంటుంది? న్యాయంగా చెప్పాలంటే మా పక్షానికీ ఒక అంకె ఉంది. స్కాట్లాండులో ముళ్లపొదల్లో వేటకు తిరిగే స్పానియల్ కుక్కల్లో, తోక కోయనివాటిలో సగానికి పైగా ఒకే వేట కాలంలో తోక గాయపరచుకున్నాయని 2014లో వెల్లడైంది. ఈ అంకెను చూపించి దర్గామిట్టలోని మూడో అంతస్తు ఫ్లాటులో పెరిగే కాకర్ స్పానియల్‌కు తోక కోయించవచ్చు. అది జన్మలో చూడబోయే అడవి బాల్కనీలోని క్రోటన్ కుండీలే అయినా, కుండీలో ముల్లు మొలవదని ఎవరు హామీ ఇవ్వగలరు? ఇక నిజంగానే ముళ్ల మధ్య బతికేవి కనిగిరి, పొదిలి ప్రాంతాల ఊరకుక్కలు. అవి సర్కారుతుమ్మ పొదల్లోకి కుందేలు వెంట దూరి నిండు తోకతోనే బయటికి వస్తున్నాయంటే, తోక ప్రమాదకరమని వాటికి చెప్పేవారు లేకపోవడమే కారణం.

బొటనగోటి సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందుకాలి బొటనగోరు ఎముకతో కలిసి ఉంటుందనీ, కుక్క వేగంగా పరుగెత్తి మలుపు తిరిగేటప్పుడు నేలను అదిమి పట్టడానికీ, ఎముక ముక్కను పట్టుకుని కొరకడానికీ పనికివస్తుందనీ పశువైద్యులు అంటారు. మన కుక్క పరుగెత్తేది హాలు నుంచి వంటగదికి, అక్కడ మలుపేమీ లేదు. గ్రేట్ పైరినీస్ జాతికి వెనకకాళ్లకు జంట బొటనగోళ్లు ఉండితీరాలనీ, లేకపోతే అది లోపమనీ జాతి ప్రమాణాల్లో రాసుకున్నారు. ఒక జాతికి ఉంటే తప్పు, మరొక జాతికి లేకపోతే తప్పు అన్నమాట. దేవుడు ఏ కుక్కను ఏ పోటీకి పంపుతున్నాడో ముందుగా విచారించుకోకుండా సృష్టించడంవల్ల వచ్చిన చిక్కు ఇది. వదులుగా తోలుకు వేలాడుతూ మాటిమాటికీ చిక్కుకుని చీలే గోటిని వైద్యుడు తీసేయడం వేరు విషయం, దాన్ని ఈ వాదంలోకి ఈడ్చే దురుద్దేశం నాకు లేదు.

అసలు విషయం మార్కెట్టు. కూనను చూడటానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని ఎత్తి తిరగేసి, "ఏందన్నా, దీనికి తోకుందే? ఒరిజినల్ బ్రీడు కాదా?" అని అడుగుతాడు. "ఒరిజినలేన్నా, ఈతూరి కాంపౌండరు ఊళ్లో లేడు, అందుకే ఉండిపోయింది. రేటు తగ్గించి ఇస్తాలే" అని అమ్మేవాడు నొచ్చుకుంటూ చెబుతాడు. పుట్టుకతో వచ్చింది నకిలీగా, కత్తెరతో వచ్చింది అసలుగా చలామణి అయ్యే ఈ బజారులో తోక ఒక్కటే ఎందుకు మినహాయింపు కావాలి? కాంపౌండరు దొరకని ఇంట్లో రబ్బరు బ్యాండు ఉంటుంది. అట్టపెట్టెలో పాతచీర మీద తల్లిని వెతుక్కుంటూ పాకే కూనకు తోక మొదట్లో దాన్ని బిగిస్తారు. రక్తం అందని తోక నల్లబడి, ఎండి, కొద్దిరోజుల్లో రాలిపోతుంది. అంత చిన్న ప్రాణికి నొప్పి తెలియదని మా వాళ్ల నమ్మకం. ఆస్ట్రేలియాలో 50 కూనలకు తోకలు కోస్తుండగా గమనించి 1996లో ప్రచురించిన పరిశోధకులు అన్నీ గింజుకుని అరిచాయని రాశారు. అది కృతజ్ఞత కాదని వారు ఎలా నిర్ధారించారో నాకు అంతుపట్టలేదు.

తోక కుక్కకు భాష అని మరొక వాదం. కుక్క యజమానిని చూసినప్పుడు తోకను ఎక్కువగా కుడివైపుకూ, బెరుకు పుట్టించే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకూ ఊపుతుందని ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో గమనించారు. అలాంటప్పుడు తోక ఉన్న కుక్క యజమానిపై తనకున్న అసలు అభిప్రాయాన్ని నలుగురిలో బయటపెట్టే ప్రమాదం లేదా? మొండితోక కుక్క నడుము మొత్తం ఊపుతుంది, ఏ వైపుకో ఎవరికీ తెలియదు. కుటుంబ గౌరవానికి ఇదే క్షేమం.

ఇక్కడ మన జిల్లాల ప్రతిష్ఠకు సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. ఒంగోలు గిత్తకు సన్నగా సాగి, వెనకకాలి మడమ కీలు దాటి దిగి, కొసన నల్లటి కుచ్చు ఉన్న తోకే అందమని పందేల్లో, ప్రదర్శనల్లో మార్కులు వేస్తున్నారు. ఆ జాతినే బ్రెజిల్‌వారు నెల్లూరు పేరుతో నెలోర్ అని పిలుస్తూ తోకతో సహా పెంచుకుంటున్నారు. ఎద్దు తోక చూసి మురిసిన కంటితోనే కుక్క తోక చూసి ముఖం చిట్లించడం సామాన్యమైన రసజ్ఞత కాదు.

చట్టం కూడా మాపట్ల దయగానే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువు అంగాన్ని ఖండిస్తే మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయల జుర్మానా, అంటే బజ్జీల బండి దగ్గర చిల్లరతో సమం. అదే సెక్షన్ కొమ్ములు తీయడానికి, విత్తులు కొట్టడానికి, ముద్రలు వేయడానికి, ముకుతాడు గుచ్చడానికి మినహాయింపు ఇచ్చి తోకకోతను మాత్రం మరచిపోయింది. 2011లో పశువైద్య మండలి ఈ పని చేయవద్దని వైద్యులకు ఆదేశమిస్తే, 2013లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2017 నిబంధనలు ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదన్నాయి. తోక ఊడేది మొదటి వారంలోనే కనుక తర్వాతి ఏడు వారాలూ దానికి విశ్రాంతే.

విచిత్రమేమంటే డాబర్‌మన్ జాతి పుట్టిన జర్మనీలోనే 1998లో తోకకోతను నిషేధించారు. 2007 నుంచి ఇంగ్లండు కూడా నిషేధించి, పనిచేసే కుక్కలకు మాత్రమే, అదీ ఐదు రోజుల వయసు దాటకముందే, పశువైద్యుడి చేత, ఆ కుక్క చేయబోయే పనికి ఆధారాలు చూపిస్తేనే అనుమతి ఇస్తున్నది. ఆ పద్ధతి మనకూ వస్తే ప్రతి యజమాని తన కుక్క ఏ పని చేస్తుందో రాతపూర్వకంగా ఇవ్వవలసి వస్తుంది. పాలప్యాకెట్టు వేసేవాడిమీద మొరగడం, గ్యాసుబండ తెచ్చేవాడి ప్యాంటు పట్టడం, ఏసీ కింద పడుకోవడం, పుట్టినరోజున యజమాని పక్కన కూర్చుని కేకు కోయడం అన్న నాలుగింటినీ పనులుగా గుర్తిస్తూ సంబంధిత శాఖవారు ముందుగానే ఉత్తర్వు ఇవ్వాలనీ, లేనిపక్షంలో నగరంలోని అనేక గౌరవనీయ గృహాల్లో కుక్కలు తోకలతో మిగిలిపోయే దుస్థితి ఏర్పడుతుందనీ మనవి చేసుకుంటున్నాను.