ఆన్‌లైన్ థెరపీలో తలుపు వేసేదెవరు?

ఆన్‌లైన్ థెరపీ అసలు పనిచేస్తుందా అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. పనిచేస్తుంది. ఆందోళన, ఓ మోస్తరు డిప్రెషన్, నిద్రలేమి లాంటి ఇబ్బందులకు ఇంటర్నెట్ ద్వారా పాఠాలుగా ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే పద్ధతి), ఎదురెదురుగా కూర్చుని చేసేదానికి దాదాపు దీటుగా ఫలితమిస్తుందని స్వీడన్, ఆస్ట్రేలియా పరిశోధకులు చాలా ఏళ్లుగా చూపిస్తున్నారు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. ఆ ఫలితాలు ఎక్కువగా వెనక ఒక మనిషి ఉన్న చోట వచ్చినవి. వారానికోసారైనా ఎవరో ఒకరు మనం రాసింది చదివి, పలకరించి, ఎక్కడ ఆగిపోయామో కనుక్కోవాలి. ఉత్త పాఠాలు చేతిలో పెట్టి వదిలేస్తే చాలామంది సగంలోనే మానేస్తారు.

నాకున్న అభ్యంతరం వేరు. థెరపిస్టు గదికి తలుపు ఉండేది. లోపలి మాట బయటికి పోదన్న నమ్మకం ఆ తలుపుతోనే వచ్చేది. లోపలికి వచ్చిన మనిషి నడక, చేతుల వణుకు, కళ్లు, ఒంటి వాసన అన్నీ థెరపిస్టుకు తెలిసిపోయేవి. రాసుకున్న నోట్సు బీరువాలో ఉండేది. ఇవన్నీ ఎవరూ అడగకుండానే జరిగిపోయేవి. ఆన్‌లైన్‌కి వచ్చేసరికి ఈ భారమంతా కష్టంలో ఉన్న మనిషి నెత్తిన పడింది. ఆ సంగతి ఆ మనిషికి ఎవరూ చెప్పడం లేదు.

ఒత్తిడి విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. పైగా లాభమే ఉంది. ఎదుటి మనిషి మొహం చూస్తూ చెప్పలేని మాట తెర చాటున తేలిగ్గా బయటికి వస్తుందని అమెరికన్ సైకాలజిస్టు జాన్ సులర్ 2004లోనే వివరించారు. ఆఫీసు టెన్షన్‌తో నిద్ర పట్టని మనిషి రాత్రిపూట తన గోడు టైప్ చేసి పంపి, మర్నాడు జవాబు చదువుకోగలగడం చిన్న విషయం కాదు. రోజుకు పద్నాలుగు గంటలు పని చేయిస్తున్న ఉద్యోగాన్ని శ్వాస వ్యాయామం మార్చలేదు, నిజమే. ఆ పరిమితి గదిలో చేసే థెరపీకీ ఉంది.

అసలు చిక్కు వ్యసనం దగ్గర మొదలవుతుంది. సిగ్గు వల్ల ఏళ్ల తరబడి ఎవరి దగ్గరకూ వెళ్లనివాళ్లు ఫోన్‌లో మొదటిసారి నోరు విప్పుతారు. తాగుడు ఎంత ముదిరిందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. ఎవరికీ తెలియకుండా వాటికి జవాబులు రాసుకుంటే తన తాగుడు ఏ స్థాయికి వెళ్లిందో మనిషికి అర్థమవుతుంది. ఇక్కడిదాకా మంచిదే. కానీ ఆ ఉత్సాహంలో "ఈ రోజు నుంచి చుక్క ముట్టను" అని ఒంటరిగా నిర్ణయించుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో కొందరికి డెలీరియం ట్రెమెన్స్ మొదలవుతుంది. ఒళ్లంతా చెమటలు, వణుకు, లేనివి కనిపించడం, తానెక్కడున్నాడో తెలియకపోవడం. వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. నిద్రకూ ఆందోళనకూ వాడే బెంజోడయాజెపైన్ మాత్రలను హఠాత్తుగా మానేసినా ఇలాంటి ప్రమాదమే ఉంది.

వీడియో కాల్‌లో కనిపించేది మొహం ఒక్కటే. చేతులు తెర కింద ఉంటాయి, వాసన రాదు. అందుకే మొదటి సెషన్‌లో బాల్యం గురించి అడిగే ముందు అడగాల్సినవి ఉన్నాయి. చివరిసారి ఎప్పుడు తాగారు? రోజుకు ఎంత? ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా? రెండు చేతులూ కెమెరా ముందు చాపి చూపిస్తారా? ఇప్పుడు మీరున్న చోటు అడ్రస్ ఏమిటి, ఇంట్లో ఇంకెవరున్నారు? జవాబులు అనుమానంగా ఉంటే కౌన్సెలింగ్ ఆపి ముందు డాక్టర్ దగ్గరకు పంపాలి. ఒంటికి ప్రమాదం తప్పాక మాత్రం ఆన్‌లైన్ చాలా ఉపయోగం. తాగాలన్న కోరిక అపాయింట్‌మెంట్ చూసుకుని రాదు కదా. ఆన్‌లైన్ జూదానికి బానిసైనవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. థెరపిస్టు మొహం కనిపించే తెర మీదే పందెం యాప్ నోటిఫికేషన్ కూడా వచ్చి పడుతుంది.

కుటుంబ గొడవల్లో ఆ తలుపు లేకపోవడం మరీ ఎక్కువగా తెలుస్తుంది. ఎవరి గురించి చెప్పుకోవాలో ఆ మనిషి పక్క గదిలోనే ఉంటాడు. భార్య గొంతు తగ్గించి "మా మధ్య ఏమీ లేదండి, బాగానే ఉన్నాం" అంటే అది నిజమో, వెనక ఎవరో నిలబడ్డారో తెలుసుకోవడం ఎలా? అనుభవం ఉన్న థెరపిస్టు సెషన్ మొదట్లోనే "అవును, కాదు అంటే చాలు, ఇప్పుడు మీ మాట ఇంకెవరికైనా వినిపిస్తోందా?" అని అడుగుతారు. మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు ముందే అనుకుంటారు. దంపతులిద్దరినీ ఒకే ఫోన్ ముందు కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఉమ్మడి కౌన్సెలింగ్ మొదలుపెట్టనే కూడదు. సెషన్‌లో చెప్పిన మాటకు కాల్ కట్ అయ్యాక దెబ్బలు పడతాయి.

అయితే తాగేవాళ్ల కుటుంబాలకు ఆన్‌లైన్ చేయగలిగే మేలు గురించి తక్కువ మంది మాట్లాడుతున్నారు. రాబర్ట్ మేయర్స్ రూపొందించిన క్రాఫ్ట్ అనే పద్ధతిలో, తాగే మనిషి రాకపోయినా సరే, ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇస్తారు. తాగి ఉన్నప్పుడు వాదనకు దిగకపోవడం, తాగని రోజున దగ్గరగా ఉండటం, చికిత్స మాట ఏ సమయంలో ఎత్తాలో తెలుసుకోవడం నేర్పుతారు. ఇలా నేర్చుకున్న కుటుంబాలు తమవాళ్లను ఎక్కువగా చికిత్సదాకా తీసుకురాగలిగాయని పరిశోధనల్లో తేలింది. ఇల్లు కదలడానికి వీల్లేని తల్లికో భార్యకో ఇది ఫోన్‌లో అందితే అంతకన్నా ఏం కావాలి?

ఇక బీరువా సంగతి. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు హ్యాకర్ చేతిలో పడ్డాయి. 2020 అక్టోబరులో అతను నేరుగా రోగులకే మెయిల్ పెట్టి, 200 యూరోల విలువైన బిట్‌కాయిన్ ఇవ్వకపోతే వాళ్లు థెరపిస్టుకు చెప్పుకున్నవన్నీ బయటపెడతానని బెదిరించాడు. సుమారు 33 వేల మంది రికార్డులవి. హ్యాకర్లు అక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. ఆన్‌లైన్ థెరపీ అందించే బెటర్‌హెల్ప్ సంస్థ గోప్యత హామీ ఇచ్చి, వినియోగదారుల మెయిల్ ఐడీలను, ఆరోగ్య ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల సమాచారాన్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి సంస్థలకు ప్రకటనల కోసం ఇచ్చిందని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో ఆ సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. మనసు విప్పి చెప్పుకున్న బాధను సరుకుగా చూడటాన్ని నేను చిన్న తప్పుగా అనుకోలేను.

నిబంధనల పేజీ చివర "అంగీకరిస్తున్నాను" అని టిక్ పెట్టించుకుంటే ఈ బాధ్యత తీరదు. డబ్బు కట్టించుకునే పేజీకి ముందే థెరపిస్టు పేరు, అర్హత, లైసెన్సు నంబరు కనిపించాలి. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే అడగాలి. మాట్లాడటానికి వేరే గది లేదని ఎవరైనా చెబితే టైప్ చేసి మాట్లాడే వీలు ఇవ్వాలి. సంభాషణలు ఎక్కడ, ఎంతకాలం ఉంటాయో, తుడిచేయమంటే నిజంగా తుడిచేస్తారో లేదో రెండు వాక్యాల్లో రాసి పెట్టాలి. అవి రాసి లేని యాప్‌లో మొదటి మెసేజ్ పెట్టకముందే రాతపూర్వకంగా అడగండి.