న్యూట్రినోకు చోటేదీ?

విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో పదార్థం, దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి ప్రతిపదార్థం సరిసమానంగా పుట్టి ఉండాలి. మనకు తెలిసిన భౌతికశాస్త్రం చెప్పేది అదే. ఈ రెండూ ఎదురుపడితే ఒకదాన్నొకటి మాపేసుకుని వెలుగుగా మారిపోతాయి. ఆ లెక్కన 1380 కోట్ల ఏళ్ల తర్వాత ఈ విశ్వంలో కాంతి తప్ప మరేమీ మిగలకూడదు. నక్షత్రాలు, నేల, నీరు, ఈ పత్రిక, దీన్ని చదివే పాఠకులు ఎవరూ ఉండకూడదు. ఉన్నామంటే ఎక్కడో లెక్క తేడా కొట్టింది. సుమారు వంద కోట్ల జంటలు మాసిపోతే ఒక్క కణం చొప్పున పదార్థం వైపు మిగిలింది. ఆ మిగులుతోనే గెలాక్సీలన్నీ ఏర్పడ్డాయి. అది ఎందుకు మిగిలిందన్నది మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇంత పెద్ద ప్రశ్నకూ, ఢిల్లీలో ఏళ్లుగా కదలని ఒక ఫైలుకూ సంబంధం ఉంది. ఆ ఫైలు న్యూట్రినోలది. దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి తేలికైన కణాలివి. తమిళనాడులోని తేని జిల్లాలో, బోడి పశ్చిమ కొండల కింద, భారత న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2015 జనవరిలో ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం దాదాపు రూ.1500 కోట్లు. అదే ఏడాది దక్షిణ చైనాలోని జియాంగ్‌మెన్ దగ్గర జూనో అనే న్యూట్రినో కేంద్రం పనులు మొదలయ్యాయి. 700 మీటర్ల లోతున, 20 వేల టన్నుల ద్రవంతో నింపిన ఆ డిటెక్టర్ 2025 ఆగస్టు 26న పరిశీలన ప్రారంభించింది. 59 రోజుల డేటాతోనే న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకానికి మారే రూపమార్పిడికి సంబంధించిన రెండు కీలక కొలతలను, పాత ప్రయోగాలన్నీ కలిసి ఇచ్చినదానికంటే 1.6 రెట్లు కచ్చితంగా లెక్కగట్టింది. మన దగ్గర సొరంగం తవ్వకమే మొదలు కాలేదు. ప్రాజెక్టు రద్దయిందని ఎవరూ చెప్పరు, ఉందని చూపించడానికీ ఏమీ లేదు. ఈ నాన్చుడు మీదే మా అభ్యంతరం.

అసలు న్యూట్రినోనే ఎందుకు? పదార్థం ఎలా మిగిలి ఉంటుందో 1967లో సోవియట్ శాస్త్రవేత్త ఆంద్రే సఖరోవ్ మూడు షరతులుగా రాశారు. వాటిలో ఒకటి, పదార్థానికీ ప్రతిపదార్థానికీ మధ్య ప్రకృతి కాస్తయినా పక్షపాతం చూపాలన్నది. ఆ పక్షపాతం ఉందని అప్పటికే తెలుసు. 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ కేయాన్ అనే కణాల్లో దాన్ని పట్టుకున్నారు. ప్రోటాన్, న్యూట్రాన్ల కుటుంబమైన బేరియాన్లలో మాత్రం అది కనిపించడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగ బృందం 2025 మార్చిలో ఆ ఫలితం ప్రకటించింది. లాంబ్డా-బి అనే బరువైన కణమూ, దాని ప్రతికణమూ ఒకే తీరున విచ్ఛిన్నం కావడంలో సుమారు రెండున్నర శాతం తేడా చూపాయి. మంచి ఫలితమే. కానీ ఇలా ఈ కణాలన్నిటినీ కట్టే క్వార్కుల్లో కనిపించే పక్షపాతం మొత్తం కలిపినా విశ్వంలో మిగిలిన పదార్థానికి ఏ మూలకూ సరిపోదు. ఆ లోటు మరెక్కడో పూడాలి.

ఆ ‘మరెక్కడో’ న్యూట్రినోలు కావచ్చని 1986లో ఫుకుగితా, యానగిదా అనే జపాన్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. విశ్వం మహా వేడిగా ఉన్న తొలినాళ్లలో చాలా బరువైన న్యూట్రినోలు ఉండేవని, అవి విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఒక వైపు కొంచెం మొగ్గాయని, ఆ కొద్దిపాటి తేడాయే తర్వాత పదార్థపు మిగులుగా మారిందని వారి వాదన. ఆ బరువైన కణాలను తయారుచేసి చూసే యంత్రం ఏదీ లేదు. ఇప్పుడున్న తేలికపాటి న్యూట్రినోలు, వాటి ప్రతికణాలు వేర్వేరుగా ప్రవర్తిస్తాయో లేదో చూడటమే మనకున్న దారి. దానికి ముందు మూడు రకాల న్యూట్రినోల్లో ఏది బరువు, ఏది తేలికో వరుస తేలాలి. ఆ వరుస తేలనిదే కొలతను ఎటువైపు చదవాలో తెలియదు. జపాన్‌లోని టీ2కే, అమెరికాలోని నోవా ప్రయోగాలు తమ డేటాను కలిపి 2025 అక్టోబరులో ప్రచురించినా ఈ ముడి వీడలేదు. అన్నట్టు, నోవాలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వాములే. మన పిల్లలు ఈ రంగంలో పని చేస్తూనే ఉన్నారు. కాకపోతే ఆ పని అమెరికాలో, షికాగో దగ్గర పుట్టిన న్యూట్రినోల మీద.

న్యూట్రినోలు తొలి విశ్వపు సాక్షులు కూడా. విశ్వానికి ఒక సెకను వయసప్పుడే అవి మిగతా పదార్థం నుంచి విడిపోయాయి. మనం చూడగలిగే అతి పాత కాంతి 3.8 లక్షల ఏళ్ల నాటిది. మొదటి సెకను నాటి న్యూట్రినోలు ఇప్పటికీ ప్రతి ఘనపు సెంటీమీటరులో సుమారు 330 చొప్పున తిరుగుతున్నాయని లెక్క. వాటిని నేరుగా ఇంతవరకూ ఎవరూ పట్టలేదు. ఆ తర్వాత కొద్ది నిమిషాల్లో హీలియం ఎంత తయారైందన్నది (సాధారణ పదార్థపు బరువులో సుమారు నాలుగో వంతు) న్యూట్రినోలు ఎన్ని రకాలన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ హీలియం లెక్కతోనే, రకాలు మరీ ఎక్కువ ఉండే వీల్లేదని 1977లో ఖగోళ శాస్త్రవేత్తలు అన్నారు. 1989లో సెర్న్ యంత్రాలు కొలిచి మూడేనని తేల్చాయి. ఆకాశాన్ని చూసి చెప్పిన మాటను భూమ్మీద యంత్రం నిజం చేయడం సైన్సులో తరచూ జరిగేది కాదు.

ఈ కథలో మనం మొదటి వరసలో ఉన్నవాళ్లం. చిత్తూరు జిల్లా కుప్పానికి ఎంతో దూరం లేని కోలారు బంగారు గనుల్లో, భూమికి దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ బృందాలతో కలిసి పరికరాలు పెట్టారు. అంతరిక్షం నుంచి వచ్చే ఇతర కణాల్లో దాదాపు అన్నింటినీ అంత రాయి ఆపేస్తుంది, న్యూట్రినోలు మాత్రం దాటి వస్తాయి. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ అక్కడ దొరికింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో పనిచేస్తున్న మరో బృందం ఫలితం కూడా అదే నెలలో అచ్చయింది. కానీ కొన్ని రోజుల ముందు అచ్చయినది కోలారుదే. కావాల్సిన లోతు గని తవ్వినవాళ్లే ఇచ్చారు. శాస్త్రవేత్తలు గని కార్మికులతో పాటు లిఫ్టులో దిగి, ఉక్కపోతలో పని చేసుకుని పైకొచ్చేవారు.

1980లో అదే గనిలో 140 టన్నుల డిటెక్టర్ పెట్టి, ప్రోటాన్ ఎప్పటికైనా విచ్ఛిన్నమవుతుందా అని చూడటం మొదలుపెట్టారు. సఖరోవ్ షరతుల్లో మరొకదానికి అది పరీక్ష. మూడేళ్ల తర్వాత, 1983లో, జపాన్ అదే ప్రశ్నతో కమియోకా అనే జింకు గనిలో నీళ్ల ట్యాంకు కట్టింది. ప్రోటాన్ విచ్ఛిన్నం ఎక్కడా రుజువు కాలేదు. కానీ కమియోకా 1987లో పేలిన నక్షత్రం నుంచి వచ్చిన న్యూట్రినోలను పట్టింది. 1996లో దాని స్థానంలో 50 వేల టన్నుల నీటితో సూపర్ కమియోకాండే వచ్చింది. న్యూట్రినోలు రూపం మార్చుకుంటాయని, అంటే వాటికి బరువు ఉందని 1998లో రుజువు చేసింది. 2002లో ఒకటి, 2015లో ఒకటి నోబెల్ ఆ గనికే దక్కాయి. ఇప్పుడక్కడ 2.6 లక్షల టన్నుల హైపర్ కమియోకాండే సిద్ధమవుతోంది. మన సంగతి? కోలారులో ప్రయోగాలు 1990ల మొదట్లో ఆగిపోయాయి. బంగారం గిట్టుబాటు కావడం లేదని 2001లో గనులే మూసేశారు. పంపులు ఆగాక సొరంగాల్లో నీళ్లు నిండాయి. లోతున్న ఒకటి రెండు చోట్లనైనా ప్రయోగశాల కోసం అట్టిపెట్టుకోవచ్చన్న ముందుచూపు లేకపోయింది.

ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికే కొత్త అబ్జర్వేటరీ ఆలోచన వచ్చింది. మొదట నీలగిరుల్లోని సింగారా అనుకున్నారు. ముదుమలై పులుల అభయారణ్యం పక్కనే ఉందని 2009లో పర్యావరణ శాఖ కాదంది. అది న్యాయమైన అభ్యంతరం. తర్వాత తేని జిల్లా పొట్టిపురం దగ్గరి కొండ. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ప్రాంతమది. సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం, చుట్టూ కనీసం కిలోమీటరు రాతి కవచం, లోపల 50 వేల టన్నుల ఇనుప పలకలు, వాటి మధ్య న్యూట్రినోల జాడ పట్టే గాజు డిటెక్టర్లు. మొత్తాన్ని అయస్కాంతంగా మార్చాలి. ఎందుకంటే న్యూట్రినో నుంచి పుట్టే మ్యూయాన్ అనే కణం ఒక వైపు వంగుతుంది, ప్రతికణం నుంచి పుట్టేది రెండో వైపు. ఏది ఏదో విడదీసి చూడటం ఈ డిజైన్‌లోని గొప్ప. పర్యావరణ అనుమతులు కోర్టులకెక్కాయి. 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ అనుమతిని నిలిపేసింది. 2018లో కేంద్రం మళ్లీ ఇచ్చింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకునేది లేదని సుప్రీంకోర్టుకు తేల్చి చెప్పింది.

తేని రైతుల భయాల్లో కొన్నింటికి ఆధారం లేదు. న్యూట్రినోల వల్ల ఎవరికీ హాని లేదు. సూర్యుడి నుంచి వచ్చేవి సెకనుకు దాదాపు 6500 కోట్లు మన బొటనవేలి గోరంత చోటులోంచి దూసుకుపోతూనే ఉంటాయి. అక్కడ అణు వ్యర్థాలు దాస్తారన్న ప్రచారం కూడా ఒట్టి పుకారే. అయితే బాంబులు పెట్టి కొండ తొలిస్తే ఊటలు ఏమవుతాయి, పక్కనున్న జాతీయ పార్కు ఏమవుతుంది, డ్యాములకు ఇబ్బందా అన్నవి పుకార్లు కావు, అడగాల్సిన ప్రశ్నలే. వాటికి జవాబులు ఊళ్లో కూర్చుని, తమిళంలో, ముందే చెప్పి ఉండాల్సింది. ప్రాజెక్టు అణుశక్తి శాఖది కావడం పరిస్థితిని ఇంకా బిగించింది. ఆ పేరు వింటే జనం ఎందుకు ఉలిక్కిపడతారో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్లు బోరు నీళ్ల గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ అసెంబ్లీ 2019లో ఏకగ్రీవంగా తీర్మానించింది. అణుశక్తి శాఖ మీద పేరుకున్న అపనమ్మకాన్ని పాపం న్యూట్రినో మోయాల్సి వచ్చింది.

జూనో వచ్చాక ఇంకా ఇది అవసరమా అనే ప్రశ్నను శాస్త్రవేత్తలు కూడా తప్పించుకోలేరు. బరువుల వరుస మనమే ముందు తేలుస్తామన్న ఆశ ఇప్పుడు లేదు. 2015 నాటి డిజైన్‌నే పట్టుకుని వేలాడటంలో అర్థమూ లేదు. అయినా న్యూట్రినోను, ప్రతికణాన్ని విడదీసి చూసే అంత పెద్ద అయస్కాంత డిటెక్టర్ మరెక్కడా లేదు. దానికంటే ముఖ్యం, లోతైన ప్రయోగశాల ఒకటి చేతిలో ఉంటే అందులో కంటికి కనపడని కృష్ణపదార్థం కోసమూ వెతకవచ్చు, ఇంకా ఎన్నో అరుదైన పరీక్షలూ పెట్టవచ్చు. జార్ఖండ్‌లోని జాదుగూడ గనిలో 555 మీటర్ల లోతున ఒక చిన్న ప్రయోగశాల ఉంది. ఇంత పెద్ద దేశానికి అది చాలదు. డబ్బు లేదన్న మాటా చెల్లదు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాల కోసం లైగో-ఇండియాకు 2023లో రూ.2600 కోట్లు ఇచ్చారు. 2017 నుంచి మనం సెర్న్‌లో అసోసియేట్ సభ్యులం, ఏటా చందా కడుతున్నాం.

కేంద్రం చేయాల్సింది రాబోయే పార్లమెంటు సమావేశాల్లోనే చేయవచ్చు. బోడి కొండల ప్రాజెక్టు ఉందో లేదో స్పష్టంగా ప్రకటించాలి. లేదనే పక్షంలో ఆ భూమి, ఆ కేసు రెండింటినీ వదిలేసి, జూనో ఫలితాలను లెక్కలోకి తీసుకుని కొత్త డిజైన్ తయారు చేయమని శాస్త్రవేత్తలకు గడువు పెట్టాలి. కొత్త స్థలం వెతికేటప్పుడు అడవులను, పులుల దారులను ముందే పక్కన పెట్టి, పనిచేస్తున్న గనులను, మూతపడ్డ గనులను మొదట చూడాలి. స్థలం ఖరారు కాకముందే గ్రామసభ పెట్టాలి, నీటి అధ్యయనాన్ని స్థానిక భాషలో అచ్చువేసి పంచాలి, యాజమాన్యాన్ని అణుశక్తి శాఖ చేతిలోంచి తీసి టాటా ఇన్‌స్టిట్యూట్, విశ్వవిద్యాలయాల ఉమ్మడి సంస్థకు అప్పగించాలి. ఇదంతా తేలేదాకా మదురైలో 85 టన్నులతో కట్టిన చిన్న నమూనా డిటెక్టర్‌కు, దాని మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థుల స్టైపెండ్లకు ఒక్క రూపాయి కూడా కోత పెట్టకూడదు.