విమానం సంగతి సరే, బాంబు ఎవరిది?

2020 జూలైలో రఫేల్ విమానాలు అంబాలాలో దిగినప్పుడు నీళ్ళు చిమ్మి స్వాగతం పలికాం. టీవీల్లో రోజంతా అదే హడావుడి. యుద్ధ విమానం అంటే మనకు ఎప్పుడూ పండగే. దాని రెక్కల కింద వేలాడే బాంబు ఎక్కడిది, ఎన్ని ఉన్నాయి, అది గురి తప్పకుండా తగలడానికి కావలసిన పరికరం ఎవరు ఇస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం యుద్ధం వచ్చాకే గుర్తొస్తుంది. భారత వైమానిక దళ చరిత్రను బాంబుల వైపు నుంచి చదివితే కనిపించేది ముందుచూపు కంటే ఎక్కువగా సర్దుబాటే.

ఆ సర్దుబాటు స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1942 ఫిబ్రవరిలో బర్మాలోని టౌంగూ చేరిన నంబర్ 1 స్క్వాడ్రన్ దగ్గర ఉన్నవి లైసాండర్లు. సైన్యానికి నిఘా సాయం చేయడం కోసం పుట్టిన నిదానపు విమానాలవి. 'జంబో' మజుందార్ నాయకత్వంలో వాటికే 250 పౌండ్ల బాంబులు రెండేసి కట్టుకుని థాయ్‌లాండ్‌లోని జపాన్ స్థావరం మీదికి వెళ్ళారు.

1947లో కశ్మీర్ యుద్ధం వచ్చేసరికి కొత్త దేశానికి అసలు బాంబర్లే లేవు. టెంపెస్ట్ ఫైటర్లు ఉన్నాయి, సరుకులు మోసే డకోటాలు ఉన్నాయి. పూంఛ్‌కి సామగ్రి దింపిన ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ మనుషులే ఆ డకోటాల తలుపుల్లోంచి బాంబులను చేతులతో బయటికి నెట్టారు. గురి చూసే పరికరాలు పెద్దగా లేని ఆ పనిలో నమ్ముకోవాల్సింది పైలట్ అనుభవాన్నే.

తర్వాత వచ్చిన బాంబర్ల కథ ఇంకా విచిత్రం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా అరువిచ్చిన లిబరేటర్లను ఎవరూ మళ్ళీ వాడకూడదని బ్రిటిష్ వాళ్ళు కాన్పూర్‌లో కావాలనే పాడుచేసి వదిలేశారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివాళ్ళు ఆ తుక్కును ఏరి, ఎగరగలిగేంత బాగుచేసి బెంగళూరు తీసుకెళ్ళారు. అలా బతికినవి దాదాపు నలభై. 1948 నవంబర్‌లో ఏర్పడిన 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. లిబరేటర్లు 1968 దాకా సేవలో ఉన్నాయి. మన ఇంజినీరింగ్ సత్తాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కానీ తుక్కులోంచి బాంబర్‌ను లేపిన ఆ తెగువ, దాని కడుపులో పెట్టే బాంబుల విషయంలో చాలాకాలం కనపడలేదు. అవి బ్రిటిష్ నమూనావే.

1961 డిసెంబర్ 18న గోవాలో ఆ లోటు బయటపడింది. 12 కాన్‌బెర్రా బాంబర్లు దబోలిం విమానాశ్రయం మీద 63,000 పౌండ్ల బాంబులు వేశాయి. అయినా ఆ రాత్రే రెండు రవాణా విమానాలు దెబ్బతిన్న రన్‌వే మీది నుంచి లేచి కరాచీ చేరుకున్నాయి. టెర్మినల్ భవనాన్ని ముట్టుకోవద్దన్న ఆదేశం ఉన్న మాట నిజమే. కానీ రన్‌వేని పనికిరాకుండా చేయడానికి బాంబుల బరువొక్కటే చాలదని అక్కడ తెలిసింది.

ఆ పాఠం పదేళ్ళ తర్వాత ఢాకాలో పనికొచ్చింది. 1971 డిసెంబర్ 4న తేజ్‌గావ్ స్థావరం మీద జరిపిన దాడులు పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలను ఆపలేకపోయాయి. డిసెంబర్ 6న వింగ్ కమాండర్ బిష్ణోయ్ నాయకత్వంలో 28వ స్క్వాడ్రన్ మిగ్-21లు 500 కిలోల రష్యన్ బాంబులు రెండేసి తీసుకెళ్ళి, ఏటవాలుగా దూకి రన్‌వే మధ్యలోనే వేశాయి. గుంతలు పూడ్చే లోపే మళ్ళీ వచ్చాయి. అంతే, తూర్పు పాకిస్తాన్ ఆకాశంలో సేబర్లు మళ్ళీ ఎగరలేదు. అదే యుద్ధంలో పశ్చిమాన ఆంటొనోవ్-12 రవాణా విమానాల వెనక తలుపుల్లోంచి చాంగామాంగా అడవిలోని మందుగుండు నిల్వల మీద బాంబులు జారవిడిచారు. డకోటాల రోజుల నుంచి ఇరవై ఏళ్ళకు పైగా గడిచాయి, పద్ధతి మాత్రం మారలేదు! సాహసానికి సలాం కొట్టాల్సిందే. ప్రణాళికకు మాత్రం కాదు.

ఈ చరిత్రలో మనం ఎక్కువగా మాట్లాడుకోని పేజీ ఒకటుంది. 1966 మార్చి 5న మిజోల తిరుగుబాటును అణచడానికి తూఫానీ, హంటర్ యుద్ధ విమానాలు ఐజ్వాల్ పట్టణం మీద బాంబులు వేశాయి. అది మన పట్టణం, కింద ఉన్నది మన పౌరులు. విమానాలు మనుషులను, సామగ్రిని దించడానికే వెళ్ళాయని ప్రభుత్వం చెప్పుకొచ్చింది. విజయాలను తేదీలతో సహా గుర్తుపెట్టుకునే మనం ఈ తేదీని వదిలేయడం న్యాయం కాదు.

మళ్ళీ అసలు సంగతికొస్తే, 1965లో అమెరికా, బ్రిటన్ ఆయుధాలు ఆపేశాక స్వదేశీ అవసరం అందరికీ అర్థమైంది. పుణేలో 1958లో పెట్టిన ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ, జబల్‌పూర్ దగ్గరి ఖమారియా లాంటి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు మెల్లగా బాంబులను ఇక్కడికి తెచ్చాయి. ఇనుప డొల్ల, లోపలి మందు మన చేతికొచ్చాయి. దాన్ని లక్ష్యానికి నడిపించే బుర్ర రాలేదు. 1999లో కార్గిల్‌లో ఇది బాగా తెలిసొచ్చింది. 16 వేల అడుగుల పైన, పలచటి గాలిలో, నియంత్రణ రేఖ దాటకూడదన్న షరతుతో మామూలు బాంబులు శిఖరాల మీది చిన్న బంకర్లను వెతుక్కోవాలి. కొంచెం పక్కకు పోతే లోయలో పడతాయి. చివరికి వెయ్యి పౌండ్ల బాంబులకు లేజర్ వెలుగును పట్టుకుని లక్ష్యానికి నడిపించే అమెరికన్ పేవ్‌వే కిట్లు తగిలించి, విమానం కింద వేలాడే ఇజ్రాయెల్ లైటెనింగ్ పాడ్‌తో గురిచూసి, జూన్ 24న టైగర్ హిల్ మీద మిరాజ్ యుద్ధ విమానాలు వేశాయి. యుద్ధం మొత్తంలో వాడిన లేజర్ బాంబులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఇరవై ఏళ్ళ తర్వాత బాలాకోట్‌లో బాంబులకు తగిలించిన స్పైస్-2000 గైడెన్స్ కిట్ కూడా ఇజ్రాయెల్‌దే.

ఇప్పుడు హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఆ బుర్ర పనిలోనే ఉంది. అక్కడ రూపుదిద్దుకున్న ఇంజిన్ లేకుండా రెక్కలతో గాలిలో తేలుతూ వెళ్ళే వెయ్యి కిలోల గ్లైడ్ బాంబు 'గౌరవ్'ను 2024 ఆగస్టులో సుఖోయ్-30 నుంచి తొలిసారి వదిలారు. 2025 ఏప్రిల్ పరీక్షల్లో అది వంద కిలోమీటర్లకు దగ్గరగా వెళ్ళింది. తయారీలో అదానీ డిఫెన్స్, భారత్ ఫోర్జ్ భాగస్వాములు. హైదరాబాద్ గర్వపడాల్సిన సంగతే. అయితే నాకు పరీక్షల వీడియోల కంటే నెలకు ఎన్ని తయారు చేయగలం అన్న లెక్క ముఖ్యం. పార్లమెంటులో ఈసారి విమానాల సంఖ్య మీద ప్రశ్న వేసే సభ్యులు, ఒక్కో విమానానికి ఎన్ని రోజుల యుద్ధానికి సరిపడా గైడెడ్ బాంబులున్నాయో కూడా అదే నోటితో అడగాలి.