డిలీట్ కొట్టడం మా మర్యాద కాదండి

ప్రయాణంలో తీసిన కెమెరా ఫొటోల్ని ట్యాబ్‌లో ఎప్పటికప్పుడు ఎలా సర్దుకోవాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. వాటిని శ్రద్ధగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆ వీడియోలు చేసినవాళ్లెవరూ అత్తారింటి బలగంతో అంతర్వేది వెళ్లలేదు. ఎక్కడో కొండ మీద ఒంటరిగా గుడారం వేసుకుంటారు, కార్డులో ఉన్నవాటిలో పదోవంతు ఉంచి మిగతావి చెరిపేస్తారు, కాఫీ తాగి పడుకుంటారు. హాయి. అడిగేవాడు లేడు, అలిగేవాడు లేడు.

కోనసీమ వ్యవహారం అలా ఉండదు. కాబట్టి ఈ విషయాన్ని గంభీరంగా ఆలోచించి కొన్ని సత్యాలు ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత.

పద్ధతి మాత్రం మహా తేలిక. కెమెరాలోంచి ఎస్‌డీ కార్డు తీసి, కార్డ్ రీడర్‌లో పెట్టి, దాన్ని ట్యాబ్‌కి తగిలిస్తే డీసీఐఎం అనే ఫోల్డర్ కనబడుతుంది. ఏ కంపెనీ కెమెరా అయినా ఫొటోల్ని అందులోనే దాస్తుంది. అక్కణ్ణుంచి ట్యాబ్‌లోకి దింపుకోవాలి, బాగున్నవాటికి గుర్తు పెట్టుకోవాలి, బాగోనివి తీసేయాలి, మిగిలినవి బయటి డ్రైవ్‌గా వాడే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీలోకి ఇంకో కాపీ వేసుకోవాలి. 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చిన ఏడాదే కార్డు తగిలించుకునే కిట్ కూడా అమ్మారు. బయటి డ్రైవ్‌ని నేరుగా తగిలించి ఫైల్స్ యాప్‌లో తెరుచుకునే వీలు 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13తో వచ్చింది. అంటే యంత్రం చేయాల్సినదంతా చేసేసింది. మనిషి చేయాల్సింది ఒక్కటే మిగిలింది, బాగోనివి తీసేయడం. డెల్టా అంతా సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

లోపం సాంకేతికం కాదు, మర్యాదది. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసి ముందుకి పోతారు. అలాంటి గడ్డ మీద ఒక పలక తెర మీద పెట్టె గీసి, "ఈ ఫొటో తీసేయమంటారా?" అని మొహం మీదే అడుగుతుంది. ఫొటోలో ఉన్న పెద్దాయన పక్క కుర్చీలోనే కూర్చుని కళ్లజోడు సవరించుకుంటుంటే ఏమని చెప్తాం?

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి పాయ వసిష్ఠని దాటించే పంటు సంగతే తీసుకోండి. కార్లు, మోటారు సైకిళ్లు, మనుషులు, అప్పుడప్పుడూ మేకలు. కుటుంబమంతా ఒకచోట నిలబడగానే బర్స్ట్ మోడ్‌లో, అంటే ఆపకుండా వరసపెట్టి తీసే పద్ధతిలో, కొడితే 20 ఫొటోలు వస్తాయి. మొదటిదాంట్లో మావయ్యగారు కళ్లు మూశారు. రెండోదాంట్లో ఆయన తెరిచారు, అత్తయ్యగారు మూశారు. అయిదోదాంట్లో ఇద్దరూ బాగున్నారు గానీ పెద్ద వదినగారి కొంగు గాలికి లేచి తోడల్లుడి మొహం కప్పేసింది. పదకొండోదాంట్లో అందరూ చక్కగా ఉన్నారు, వెనక మేక మాత్రం అటు తిరిగింది. పుస్తకం ప్రకారం పదకొండోది ఉంచి మిగతావి తీసేయాలి. కానీ పదకొండోదాంట్లో తాను లావుగా ఉన్నానని వదినగారి అభిప్రాయం. కొంగు ఎగిరినదాంట్లోనే ఆవిడ బాగున్నారు. తోడల్లుడు కనబడకపోయినా ఫర్వాలేదని ఆవిడ అన్నారు. తోడల్లుడు ఏమీ అనలేదు, అది ఇంకా ప్రమాదం. చివరికి 20 ఫొటోలూ ఉంచారు. ఈ మొత్తం వ్యవహారంలో అభ్యంతరం చెప్పనిది మేక ఒక్కటే.

ఇదంతా ఊరికే రాదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు, అంటే కెమెరా పట్టినదాన్ని మెరుగులు దిద్దకుండా అలాగే దాచే ఫైలు, 25 నుంచి 50 ఎంబీ దాకా తింటుంది. పక్కన జేపెగ్ కూడా తీయమని పెడితే ఇంకాస్త. రా వద్దనడానికీ లేదు. కొబ్బరితోటలో నిలబెట్టి తీస్తే సగం మొహం మీద ఎండ, సగం మొహం మీద మట్టల నీడ పడుతుంది. ఆ నీడలోంచి మనిషిని తర్వాత బయటికి లాగాలంటే రా ఫైలే దిక్కు.

ధవళేశ్వరంలో సమస్య ఇంకో రకం. అక్కడ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. ప్రతి బంధువర్గంలోనూ ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు ఉంటారు. ఆయన దృష్టిలో ఏ గేటుకా గేటే వేరు. మద్దూరు వైపు గేటుకీ విజ్జేశ్వరం వైపు గేటుకీ తేడా తెలియనివాడు గోదావరి నీళ్లు తాగడానికి అనర్హుడు. ఆయన ఎండలో నిలబడి ఓపిగ్గా తీసిన ఫొటోలన్నిటినీ ట్యాబ్‌లోని యాప్ ఒక్క క్షణంలో ఒక కుప్ప చేసి, ఇవన్నీ డూప్లికేట్లు, ఒకటి ఉంచుకోండి అంది. ఆయన ఆ రోజు భోజనం దగ్గర పెరుగు వేయించుకోలేదు.

వీటన్నిటినీ మించిన పరీక్ష కనుమ నాడు జగ్గన్నతోటలో. 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలనే అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాల మీద వచ్చి ఆ తోటలో కొలువుదీరతారు. గంగలకుర్రు ప్రభని కౌశిక నది నీళ్లలోంచి భుజాల మీద మోసుకొస్తుంటే చూడటానికి గట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పెరేడ్‌కి రాష్ట్రం శకటంగా ఈ ప్రభల తీర్థాన్నే పంపింది. ట్యాబ్‌లో స్టోరేజ్ నిండిపోయిందని ఇప్పుడు వీటిలో ఏ ఊరి ప్రభని తీసేస్తారు? నీళ్లు దాటే ప్రభకి సహజంగానే ఎక్కువ ఫొటోలు పడతాయి. పక్కూరి వియ్యంకుడుగారు ట్యాబ్ చేతిలోకి తీసుకుని, వేలితో జరుపుకుంటూ, పైకి నవ్వుతూ, లోపల లెక్క కడుతుంటారు. తమ ఊరి ప్రభకి తక్కువ వచ్చాయని ఆయన అనరు. వచ్చే ఏడాది పండక్కి పిలిస్తే కుదరదంటారు.

ఇక్కడే డాలస్ అల్లుడుగారి ప్రస్తావన తేవాలి. ఆయన కెమెరా గడియారం డాలస్ టైములోనే ఉండిపోయింది. జనవరిలో మనకీ వాళ్లకీ పదకొండున్నర గంటల తేడా. దాంతో సాయంత్రం 4 గంటలకి తోటలో తీసిన ప్రభలు ట్యాబ్‌లో తెల్లవారుజామున 4:30కి నమోదయ్యాయి. మిగతావాళ్ల ఫోన్లలో తీసినవి కూడా కలిపి టైము ప్రకారం పేరిస్తే, ప్రభలు ముందు తోటకి చేరాయి, తర్వాత ఊళ్లో లేచాయి. ఒక్కసారి అన్ని ఫొటోలూ ఎంచుకుని టైము పదకొండున్నర గంటలు ముందుకి జరిపితే సరిపోతుంది. ఆ సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది. కానీ కొత్త అల్లుడుగారి గడియారం తప్పని పండగ పూట ఎవరు చెప్తారు? రుద్రులే తొందరపడ్డారని అందరూ ఒప్పుకున్నారు.

తీసేయలేకపోతే క్లౌడ్‌లోకి ఎక్కించవచ్చు కదా అని పిల్లలు అంటారు. దిండిలో హౌస్‌బోటు ఎక్కి, నిండుగా ఉన్న 64 జీబీ కార్డుని సెకనుకి 5 మెగాబిట్ల వేగంతో ఎక్కించడం మొదలుపెడితే 28 గంటలు పైనే పడుతుంది. అంతసేపూ ఆ వేగం నిలబడితేనే. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నయినా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి, ఇప్పుడు అన్నీ కలిపి 15 జీబీ. పెళ్లివారి తరఫు ఫొటోలకే అది చాలదు. నిపుణులు కార్డు ఫార్మాట్ చేసే ముందు కనీసం రెండు చోట్ల కాపీలు ఉండాలంటారు. మా వాళ్లు ఈ నియమాన్ని ఎప్పుడో దాటేశారు. "నావి వాట్సాప్‌లో పెట్టు" అని ప్రతివాళ్లూ అడుగుతారు, అది ఫొటోని నలిపి చిన్నది చేసి పంపుతుంది, మసకబారిన మేక ఇప్పుడు పాలకొల్లు నుంచి కాకినాడ దాకా ప్రతి ఇంట్లోనూ భద్రంగా ఉంది.

ఎడిటింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఆటో అనే బటన్ నొక్కితే శ్రావణంలో ఎర్రగా పారే వరద గోదావరి నీలంగా మారిపోతుంది. ఆ నీళ్లలో పులస పడిందని చెప్తే యానాంలో ఎవరూ నమ్మరు. పులస ధర తెలిసినవాళ్లు అసలే నమ్మరు. ఇక ఆత్రేయపురం పూతరేకులు తిన్న నేతి వేలితో తెర మీద ఒక ఫొటో ఎంచుకోబోతే వందా ఎంపికవుతాయి. అప్పుడు పొరపాటున డిలీట్ మీద చెయ్యి పడితే అది ప్రమాదం కిందికి వస్తుంది గనుక ఎవరికీ కోపం రాదు. ఇంతవరకూ మా ప్రాంతంలో ఫొటోలు తగ్గిన సందర్భాలన్నీ ఇలాంటివే.

తెలిసి తీసేసినవాడికి మాత్రం గతి లేదు. ఐప్యాడ్‌లో తీసేసిన ఫొటో వెంటనే పోదు. ఈమధ్య తీసేసినవి అనే ఫోల్డర్‌లో సుమారు 30 రోజులు కూర్చుంటుంది. అంతవరకూ చోటు కూడా ఖాళీ కాదు. కొత్త వెర్షన్లలో ఆ ఫోల్డర్‌కి తాళం ఉంటుంది నిజమే. కానీ అత్తయ్యగారికి పాస్‌కోడ్ తెలియని ట్యాబ్ ఉభయ గోదావరి జిల్లాల్లో లేదు. ఆవిడ పనసపొట్టు కూర వీడియో కోసం ట్యాబ్ తెరుస్తారు, దారి తప్పి తిన్నగా ఆ ఫోల్డర్‌లోకే వెళ్తారు, పంటు మీద కళ్లు మూసుకున్న తన ఫొటో చూస్తారు. ఆ తర్వాత వారం రోజులు కూరలో ఉప్పు ఉండదు.

అందుకని ట్యాబ్‌లు తయారుచేసేవారికి ఒక మనవి. మనుషుల మొహాలు గుర్తుపట్టే విద్య మీ దగ్గర ఎలాగూ ఉంది. ముందు కెమెరాకి ఎవరి మొహం కనబడితే, తీసేసినవాటితో సహా వాళ్ల ఫొటోలన్నీ పైకి రావాలి. మిగతావాళ్లవి వాటికంటే తక్కువగా కనబడాలి. ఇంజనీరుగారు చూస్తే గేట్లు, వియ్యంకుడుగారు చూస్తే వాళ్ల ఊరి ప్రభ. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు, సంక్రాంతికి మా ఇంటికి వచ్చేయండి, నాలుగు రోజులు ఉందురుగాని. చార్జరూ ఎక్స్‌టెన్షన్ బోర్డూ మీవే తెచ్చుకోండి. ఇంట్లో ఉన్న ప్లగ్గులు అల్లుళ్లు భోగి ముందు రోజే పంచేసుకుంటారు.