ఎవరు బాబూ నువ్వు?

రాత్రి 11:40కి మెయిల్. సబ్జెక్ట్ లైన్ ఖాళీ. లోపల ఒకే ఒక్క వాక్యం: "మేడమ్, నా మార్కులు తప్పు పడ్డాయి, చూడండి." కింద పేరు లేదు, రోల్ నంబర్ లేదు. మెయిల్ ఐడీ చూసి కనుక్కుందామంటే అదేదో ఆటలో పెట్టుకున్న పేరు, చివర నాలుగు అంకెలు. నేను మూడు సెక్షన్లకు చెబుతాను. ఏ సెక్షన్, ఏ పరీక్ష, ఏ ప్రశ్న? పొద్దున లేచేసరికి ఇంకో మెయిల్. అందులో రెండు ప్రశ్నార్థకాలు, అంతే.

"గౌరవనీయులైన" లాంటి పెద్ద మాటలు నాకు అక్కర్లేదు. ఎక్కడో దొరికిన నమూనా కాపీ కొట్టి, "ఇక్కడ మీ పేరు రాయండి" అన్నది కూడా తీయకుండా పంపేవాళ్లున్నారు, అది చూస్తే ఇంకా బాధ. పేరు, రోల్ నంబర్, ఏ పేపరు, ఏం కావాలి. నాలుగు లైన్లు చాలు కదా!

నిజంగానే నేను కూడికలో పొరపాటు చేసి ఉండొచ్చు. ఆ పిల్లాడికో పిల్లకో రావాల్సిన మార్కులు నా వల్ల పోతాయేమోనని టెన్షన్. 180 జవాబు పత్రాలు మళ్లీ తిరగేస్తూ కూర్చున్నాను. "మీ పేరు చెప్పండి" అని రాసి రెండు రోజులైంది. ఇంకా జవాబు లేదు.